వితంతు పింఛను: ఆరంచెల తనిఖీలో కరెంటు, పన్ను, భూమి మూడూ తగిలాయి. ముందు ఏది సరిచేసుకోవాలి?

పల్నాటి_పొద్దు (ప్రశ్న):

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పింఛను పథకం ఎన్టీఆర్ భరోసా కింద వితంతు పింఛను గురించి. దరఖాస్తు పెట్టే ఆవిడకు ఆధార్ ప్రకారం 58 ఏళ్లు. ఊరు పల్నాడు జిల్లాలో పంచాయతీ. భర్త 2019లో పోయారు. ఆయనకు అప్పట్లో ఏ పింఛనూ లేదు. రైస్‌కార్డులో ఆవిడ ఒక్కరి పేరే ఉంది. గ్రామ సచివాలయంలో ఆధార్ కొట్టి ఆరంచెల తనిఖీ (కారు, కరెంటు, భూమి, పన్ను, సర్కారు జీతం, పట్టణంలో కట్టడం) చూస్తే మూడు అనర్హతలు వచ్చాయి.

కరెంటు: సగటు 334 యూనిట్లు. ఇల్లు రెండు వాటాలు, మీటర్లు రెండు. ఆవిడ ఉండే వాటాకు 88, అద్దెకిచ్చిన వాటాకు 246 (ఏసీ ఉంది).

ఆదాయపు పన్ను: చిన్న కొడుకు పేరుతో వచ్చింది. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. పెళ్లయింది, కాపురం అక్కడే.

భూమి: 2.60 ఎకరాల మాగాణి, 7.80 ఎకరాల మెట్ట. మాగాణి 3 లోపు, మెట్ట 10 లోపు ఉంటే చాలంటారు కదా, రెండూ లోపే ఉన్నాయి. పైగా మెట్టలో 4 ఎకరాలు పెద్ద కొడుక్కి ఎప్పుడో పంచి ఇచ్చేశారు, నోటిమాటగా. పెద్ద కొడుకు వేరే కుటుంబంగానే నమోదై ఉన్నాడు.

మూడూ ఒకేసారి సరిచేయాలా, లేక వరుస ఏమైనా ఉందా? ఇంకోటి, ఆవిడ చెల్లెలు ఖమ్మం జిల్లాలో ఉంటారు, ఆవిడా భర్త లేని మనిషే. అక్కడా ఇవే లెక్కలా?

సచివాలయం_మెట్లు:

ముందు ఒక మాట తేల్చుకోవాలి. ఈ తనిఖీకి రైస్‌కార్డుతో పని లేదు. కార్డు ఉండాలి, నిజమే. కానీ ‘కుటుంబం’ అంటే కార్డులో ఉన్నవాళ్లు కాదు, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో ఉన్నవాళ్లు. వలంటీర్లు ఇంటింటికీ తిరిగి ఎక్కించినప్పుడు ఆ గడపలో ఎవరి ఆధార్‌లు కలిపారో, తనిఖీ వాళ్లందరి మీదా నడుస్తుంది. కార్డులో ఒక్కరే ఉన్నా మ్యాపింగ్‌లో చిన్న కొడుకు, కోడలు ఉన్నారు కాబట్టే పన్ను తగిలింది. సచివాలయంలో ‘మా కార్డు వేరండీ’ అని ఎంతసేపు చెప్పినా తెర మీద మారేదేమీ లేదు.

భూమి విషయంలో తనిఖీ తప్పేమీ చేయలేదు. 2019 డిసెంబరు 13 నాటి 174 జీవోలో ఉన్న పరిమితులు మూడు. మాగాణి అయితే 3 ఎకరాలు, మెట్ట అయితే 10, రెండూ ఉంటే కలిపి 10. జనం మొదటి రెండే గుర్తుపెట్టుకుంటారు. 2.60కి 7.80 కలిపితే 10.40. మాగాణి, మెట్ట రెండూ ఉన్న ఇళ్లు ఎక్కువగా పడేది ఈ మూడో లెక్క దగ్గరే.

నోటిమాట పంపకం రెవెన్యూ రికార్డుకు తెలియదు. 1బిలో (ఎవరి ఖాతాలో ఏ భూమి ఉందో చూపే రెవెన్యూ రికార్డు) ఆవిడ ఖాతా కింద ఉన్నంత కాలం ఆ 4 ఎకరాలూ ఆవిడవే. నిజంగా పెద్ద కొడుకే సాగు చేసుకుంటుంటే పంపకమో దాన సెటిల్‌మెంటో రిజిస్టరు చేయించి, మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డులో పేరు మార్పు) పెట్టి, 1బి అతని పేరున వచ్చేలా చూసుకోండి. రిజిస్ట్రేషన్‌తో పనైపోయిందనుకుని మ్యుటేషన్ దగ్గర వదిలేసేవాళ్లు చాలామంది. దస్తావేజు చేతిలో ఉంటుంది, ఆన్‌లైన్‌లో భూమి పాత పేరునే ఉంటుంది, తనిఖీ చూసేది ఆన్‌లైన్‌నే. 1బి తీసినప్పుడు ఇంకోటి కూడా చూడండి. ఒకే పేరున్న వేరే రైతు ఖాతాకు ఈవిడ ఆధార్ అతికి ఉండొచ్చు. సర్వే నంబర్లు ఒక్కొక్కటీ చదివి, మనది కానిది కనిపిస్తే తహసీల్దారు కార్యాలయంలో ఆ ఖాతా నుంచి ఆధార్ తీయించాలి.

ఇక వరుస. హౌస్‌హోల్డ్ విడగొట్టడం ముందు మొదలుపెట్టండి. కొడుకూ కోడలూ వేలిముద్రలకు దొరకాలి, పెళ్లి ధ్రువపత్రం కావాలి. వాళ్లు హైదరాబాద్ నుంచి వచ్చే రోజు చూసుకోవాలి కాబట్టి అక్కడ ఆలస్యమవుతుంది. పెళ్లయిన జంటను తల్లిదండ్రుల నుంచి వేరు చేయడానికి వీలుంది. అదే పెళ్లికాని కొడుకైతే ఈ దారి లేదు. ఆ పని నడుస్తుండగా మీటరు సంగతి చూడొచ్చు. భూమి పని అన్నిటికంటే నెమ్మది, అదీ ఈలోపే కదపండి.

కృష్ణాతీరం:

మీటరుకు ఇంత తిప్పలెందుకు? అద్దె వాటా మీటరు చిన్న కొడుకు పేరుకు మార్చేస్తే పోతుంది కదా.

సచివాలయం_మెట్లు:

పోదండీ. చిన్న కొడుకు అదే మ్యాపింగ్‌లో ఉన్నంత కాలం ఆ 246 మళ్లీ అదే కుటుంబంలోకి వచ్చి పడుతుంది. యూనిట్లు కూడేది కుటుంబంలోని ఆధార్‌లన్నిటికీ తగిలించిన మీటర్లను కలిపి. విడిపోయాక మారిస్తే అప్పుడు వేరే సంగతి.

కరెంటు లెక్క ఎలా తిరుగుతుందో కాస్త వివరంగా చెప్తాను, దీని దగ్గరే ఎక్కువమంది తికమకపడతారు. హద్దు నెలకు 300 యూనిట్లు. ఒక్క నెల బిల్లు చూడరు, సగటు తీస్తారు. ఆ సగటు పథకాన్ని బట్టి ఆరు నెలలది కావచ్చు, పన్నెండు నెలలది కావచ్చు. మే నెలలో 420 వచ్చిందని హడలిపోనక్కర్లేదు. శీతాకాలం 150 ఉంటే సగటు దిగుతుంది. ఆరు నెలల సగటు చూసే చోట మాత్రం వేసవి ముగిశాక జులైలో తనిఖీ పడితే పాపం ఎండాకాలం అంతా అందులోనే ఉంటుంది. అదే ఇల్లు ఫిబ్రవరిలో అర్హం, జులైలో అనర్హం అయ్యేది అందుకే.

మీ కేసులో ఇంటావిడ వాడకం 88. మిగతాది అద్దెకున్నవాళ్లది. జీవోలో ‘సొంత లేదా అద్దె’ అని ఉన్నది నివాసం ఉండే ఇంటి గురించి. అంటే లెక్కలోకి రావాల్సింది ఆవిడ కాపురం ఉండే వాటా. ఇది వాదించి గెలవదగ్గ పాయింటు. చేయాల్సింది: రెండు సర్వీసు నంబర్ల బిల్లులూ తీసుకుని సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంటును కలవండి. లేదా కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరు) అర్జీ ఇవ్వండి. అద్దె వాటా సర్వీసు నుంచి ఆవిడ ఆధార్ తీసేయమని అడగాలి, లేదా ఆ వాటాలో ఎవరుంటున్నారో, ఆవిడ ఉండే వాటా సగటు ఎంతో రాసిన ధ్రువపత్రం అడగాలి. సర్వీసు నంబర్లు రెండూ అర్జీలోనే రాయండి. ‘మా ఇంటి మీటరు’ అని రాస్తే ఉంచాల్సిన మీటరు నుంచి ఆధార్ తీసేసి, తీయాల్సినదాన్ని వదిలేసిన సందర్భాలు ఉన్నాయి.

చనిపోయిన భర్త పేరున ఏదైనా సర్వీసు, బోరు మోటారు లాంటిది ఉంటే దాని నంబరూ చూసుకోండి.

పద్దుల_పుస్తకం:

పన్ను గురించి ఒక హెచ్చరిక. ‘అబ్బాయి ఈ ఏడాది పన్ను కట్టట్లేదు’ అని అభ్యంతరం పెట్టేముందు ఆలోచించండి. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు వల్ల పన్ను సున్నా. జీతగాళ్లకు 75,000 ప్రామాణిక తగ్గింపు కలిపితే 12.75 లక్షల దాకా. అంటే నెలకు 75,000 సంపాదించే కుర్రాడు పన్ను చెల్లింపుదారు కాకపోవచ్చు. కానీ కుటుంబ ఆదాయ పరిమితి పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000. పన్ను లేదని చూపడానికి కంపెనీ ఇచ్చే జీతం, పన్ను పత్రం (ఫారం 16) పట్టుకెళ్తే అందులో జీతం తొమ్మిది లక్షలని ఉంటుంది. పన్ను గండం తప్పించుకుని, అదే కాగితంతో ఆదాయం దగ్గర దొరికిపోతారు. కాబట్టి వాదించాల్సింది పన్ను గురించి కాదు, ‘అతను మా కుటుంబంలో లేడు’ అని. అది కూడా నిజమైతేనే.

నిజం చెప్పాలంటే ఆ 10,000 అంకెకు విలువ తక్కువ. అంతకుముందు 5,000 ఉండేది, 2019లో పెంచారు. ఇంట్లో ఇద్దరు కూలికి వెళ్లి రోజుకు 400 చొప్పున నెలలో 20 రోజులు పనిచేస్తే 16,000. అక్షరాలా అమలు చేస్తే సీజన్లో ఏ కూలీ ఇల్లూ మిగలదు. కూలి డబ్బు ఏ డేటాబేసులోనూ ఉండదు కాబట్టే కారు, కరెంటు, భూమి, పన్ను, సర్కారు జీతం, పట్టణంలో 1,000 చదరపు అడుగుల కట్టడం అనే గుర్తులతో ఆదాయాన్ని అంచనా కడుతున్నారు. గుర్తు తప్పయితే మనిషి పేదైనా పడిపోతుంది. గుర్తు దొరక్కపోతే వడ్డీ వ్యాపారి కూడా నెగ్గుకొస్తాడు.

పన్నులో ఇంకో గొయ్యి ఉంది. ఇది ముసలివాళ్లకే ఎక్కువ. భర్త బీమా డబ్బో, అమ్మిన పొలం డబ్బో బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తారు. వడ్డీ హద్దు దాటితే బ్యాంకు టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు 60 నిండినవాళ్లకు ఏడాదికి లక్ష, మిగతావాళ్లకు 50,000. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోత. పన్ను పరిధిలోకి రానివాళ్లు ఏటా ఏప్రిల్‌లోనే బ్యాంకుకు ఆ సంగతి తెలిపే స్వీయ ప్రకటన ఫారం (2025-26లో 15జి, 60 నిండితే 15హెచ్) ఇస్తే కోత ఉండదు. ఇవ్వడం మరిచిపోతే పాన్ మీద టీడీఎస్ పడుతుంది, దాన్ని వెనక్కి రాబట్టుకోవడానికి రిటర్ను వేస్తారు. రిటర్ను వేసిన పేరు ఆదాయపు పన్ను జాబితాలో కనిపిస్తే, నాకు వచ్చింది రీఫండే తప్ప నేను పన్ను కట్టలేదని ఆడిటరు పత్రం తెచ్చి నిరూపించుకోవాల్సింది మీరే. ఈవిడకు డిపాజిట్లు ఉంటే ఇప్పుడే చూసుకోండి.

మున్నేటి_ఒడ్డు:

ఖమ్మం వైపు సంగతి నేను చెప్తాను. తెలంగాణలో ఆసరా పింఛన్ల నియమాలు 2014 నవంబరు 5 నాటి 17 జీవోతో మొదలైనవి. వితంతువులకు 18 నిండితే చాలు, నెలకు 2,016. వృద్ధాప్యానికి వయసు 65 నుంచి 57కి దించారు, అదీ 2,016. దివ్యాంగులకు 4,016. ఆదాయ పరిమితి ఏడాదికి పల్లెలో 1.5 లక్షలు, పట్టణంలో 2 లక్షలు. నెలకు వేసుకుంటే 12,500, దాదాపు 16,667. ఆంధ్రాకంటే కాస్త వెసులుబాటు.

భూమి దగ్గర మాత్రం తిరకాసు వేరు. నీటి సౌకర్యం ఉన్నదైతే 3 ఎకరాలు, మెట్ట అయితే 7.5 దాటకూడదు. బోరు కింద సాగయ్యే మెట్ట కూడా ఆ 3 ఎకరాల లెక్కలోకే వస్తుంది. ఆంధ్రాలో రికార్డులో మెట్ట అని ఉంటే మెట్టే.

అసలు తేడా ఇంకోచోట ఉంది. అక్కడ కంప్యూటరు కాదంటుంది, ఇక్కడ అధికారి కాదంటాడు. ఆసరా మార్గదర్శకాల్లో అనర్హుల జాబితా పొడుగ్గా ఉంటుంది: పిల్లలు ప్రభుత్వ, ప్రైవేటు, ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, పిల్లలు డాక్టర్లో కాంట్రాక్టర్లో అయినవాళ్లు, రైస్ మిల్లు, నూనె మిల్లు, పెట్రోలు బంకు, బోరు వేసే రిగ్గు ఉన్నవాళ్లు, నాలుగు చక్రాల బండి ఉన్నవాళ్లు. చివర్న జీవన శైలి, వృత్తి, ఆస్తులు చూసి తనిఖీ అధికారి అనర్హులుగా తేల్చవచ్చు అని ఒక వాక్యం. ఆ ఒక్క వాక్యంతో ఏదైనా చేయొచ్చు. కొడుక్కి ప్రైవేటు ఉద్యోగం ఉంటే, వేరు కాపురమైనా, ఇక్కడ అడ్డు పడొచ్చు. అందుకని చెల్లెలి గారి విషయంలో పంచాయతీ కార్యదర్శి విచారణకు వచ్చేసరికి ఆవిడ ఎవరి పోషణలో ఉన్నారో చెప్పగలిగేలా ఉండాలి. వేరే రేషన్ కార్డు, వేరే వంట, ఇంటి పన్ను రసీదు ఆవిడ పేరునే ఉంటే అది. భర్త మరణ ధ్రువపత్రం తప్పనిసరి. పల్లెలో ఎంపీడీఓ మంజూరు చేస్తారు. ఇంటికి ఒక్క పింఛనే, దివ్యాంగులకు మినహాయింపు. ఆ ఇంట్లో అత్తగారికి ఇప్పటికే వృద్ధాప్య పింఛను వస్తుంటే అది ముందు తేల్చుకోండి.

పల్నాటి_పొద్దు:

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. మూడు చిన్న ప్రశ్నలు. మ్యాపింగ్‌లో వేరు చేశాక కొడుకు నెలనెలా డబ్బు పంపితే ఇబ్బందా? రెండేళ్లకు 60 నిండుతాయి కదా, అప్పుడు వృద్ధాప్యంలోకి మార్చుకోవాలా? భర్తకు పింఛను లేదన్నాను, ‘స్పౌజ్ పింఛను’ అంటున్నారు, అది వర్తిస్తుందా?

సచివాలయం_మెట్లు:

చివరి దాంతో మొదలుపెడతాను. వర్తించదు. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే భార్యకు ఇచ్చేది అది. 2024 నవంబరు 1 తర్వాతి మరణాలకు మొదట పెట్టి, తర్వాత 2023 డిసెంబరు 1 నుంచి జరిగిన వాటికీ ఇచ్చారు. మీ కేసు 2019ది, పైగా ఆయన పింఛనుదారే కాదు. మామూలు వితంతు దరఖాస్తే దారి.

60 నిండినా మార్చక్కర్లేదు. రెండిటికీ నెలకు 4,000. వర్గం మార్చబోయి ఉన్నది ఆగిపోవడం తప్ప లాభం లేదు. పుట్టిన తేదీ మాత్రం ఆధార్‌లో తప్పుంటే ఇప్పుడే చెప్పండి, ఆధార్ పుట్టిన తేదీ పదేపదే మార్చనివ్వదు. వయసు ఎక్కువ వేయించుకున్నారన్న అనుమానం వస్తే ఆధార్ సవరణల చరిత్ర కూడా తీయిస్తారు.

కొడుకు పంపే డబ్బు ఆరంచెల్లో ఏ అంచెకూ అందదు. కానీ కాగితం మీద విడిపోయి అతను ఆ ఇంట్లోనే ఉంటే అది వేరే కథ. ఇంటికొచ్చి చూసినప్పుడు బయటపడుతుంది, తీసుకున్నది తిరిగి కట్టమనే దాకా వెళ్తుంది. మీ కేసులో నిజంగానే హైదరాబాద్ కాపురం కాబట్టి భయం లేదు. అక్కడి అద్దె ఒప్పందమో, గ్యాస్ కనెక్షనో పెట్టి ఉంచుకోండి.

ఇప్పుడు అభ్యంతరం పెట్టే విధానం. దరఖాస్తు ఆగితే వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంటు దగ్గర కారణం రాతలో చూపించమనండి. అనర్హత ఏ ఆధార్ మీద పడిందో, ఏ సర్వీసు నంబరో, ఏ ఖాతానో ఆ తెర మీద ఉంటుంది. దాన్ని రాసుకోకుండా బయటికి రావద్దు. ‘కరెంటు ఎక్కువ వచ్చింది’ అన్న మాట పట్టుకుని ఏఈ దగ్గరికి వెళ్తే ఏ మీటరో తేలక మళ్లీ తిరుగుతారు.

ఏ శాఖ డేటాలో తప్పుంటే ఆ శాఖ కాగితమే నిలబడుతుంది. కరెంటుకు ఏఈ పత్రం. భూమికి కొత్త 1బి, తహసీల్దారు ధ్రువీకరణ. ప్రభుత్వ ఉద్యోగి అని పడితే జీతాలు చేసే డీడీఓ పత్రం. ఔట్‌సోర్సింగ్, అంగన్‌వాడీ వాళ్ల పేర్లు ఖజానా డేటాలో ఉండటంతో ఈ తంటా వస్తుంటుంది. పారిశుద్ధ్య కార్మికులకు మాత్రం నియమంలోనే మినహాయింపు ఉంది. కారుకైతే రవాణా శాఖ పత్రం. కారు ఎప్పుడో అమ్మేశామంటారు, ఫారం 29, 30 పెట్టి పేరు మార్చరు. కొన్నవాడు తిప్పుతుంటాడు, పింఛను పోయేది అమ్మినవాడికి. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ లెక్కలోకి రావు. వీటన్నిటికీ నోటరీ అఫిడవిట్ చాలనుకుని డబ్బు తగలేస్తారు. అది దేనికీ పనికిరాదు.

అన్నీ సరిచేశాక వెంటనే తెర మారదు. మూల శాఖలో మారింది ఇక్కడికి చేరాలి. కాబట్టి భూమి మ్యుటేషన్ అయిన మర్నాడే దరఖాస్తు పెట్టి మళ్లీ అనర్హత తెచ్చుకోకండి, ముందు ఆధార్ కొట్టించి మూడూ తొలగాయా అని చూసుకోండి. కొత్త పింఛన్ల దరఖాస్తులు ఏడాది పొడవునా తీసుకోరు, ప్రభుత్వం తెరిచినప్పుడే. అప్పుడు పరిగెత్తేకంటే మ్యాపింగ్, మీటరు, 1బి ఇప్పుడే సిద్ధం చేసుకోవాలి. ఆవిడ ఈకేవైసీ, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం కూడా.

పద్దుల_పుస్తకం:

ఒక్కటి కలుపుతాను. పింఛను కోసమే భూమి రాసేయాలనుకుంటే లెక్క వేసుకోండి. ఏడాదికి 48,000 వస్తుంది. 10.40 నుంచి 10 లోపుకి రావడానికి 41 సెంట్లు తగ్గితే చాలు, 9.99 అవుతుంది. పెద్ద కొడుకుది నిజంగా అతనిదే అయితే ఆ 4 ఎకరాలూ రాయండి, అది ఎలాగూ చేయాల్సిన పనే. లేకపోతే, రాసిచ్చిన భూమి తిరిగి రాదు. పింఛను నియమాలేమో జీవోతో మారుతుంటాయి.

మున్నేటి_ఒడ్డు:

ఆంధ్రాలో అక్కగారికి మంజూరయ్యాక ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆవిడ హైదరాబాద్‌లో కొడుకు దగ్గర రెండు మూడు నెలలు ఉండొచ్చే అలవాటుంటే జాగ్రత్త. ఆంధ్రాలో ఒక నెల, రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే వలస వెళ్లినట్టు లెక్కగట్టి ఆపేస్తారు. పంపిణీ నెల మొదటి తేదీనే ఇంటి దగ్గర జరుగుతుంది, ఒకటి ఆదివారమైతే ముందురోజే. రైలు టిక్కెట్టు దాన్నిబట్టి తీసుకోమనండి.